బండ పుట్టింటికి వెళ్ళొచ్చాను

మా వంటింట్లో ఇప్పుడు రెండు కడప బండలున్నాయి. ఒకటి ఇల్లు కట్టినప్పటి నుంచీ ఉన్న గట్టు. రెండోది చపాతీ పీటంత ఉంటుంది, దాని మీద కాఫీ గ్లాసు పెట్టుకుంటాను. ఆ రెండోదాన్ని భుజాన వేసుకుని నాలుగైదు రోజులు ఊరూరూ మోశాను. మోసినందుకు నడుం పట్టేసింది గానీ, మోయకపోతే నేనీపాటికి ఫోన్లకి టింగు టింగు మోతలు తయారుచేసే ఉద్యోగంలో కూచుని ఉండేదాన్ని.

ముందు నా పనేమిటో చెప్పాలి. పదేళ్ళ నుంచీ చెప్తూనే ఉన్నాను, ఒక్కరికీ అర్థం కాలేదు. పెళ్ళిళ్ళలో ఎవరైనా అడిగితే "మ్యూజిక్ చేస్తానండీ" అంటాను. "సినిమాలకా?" అంటారు. కాదంటే "మరెందుకు?" అంటారు. అక్కడ నేను విస్తట్లో బొబ్బట్టు వైపు తిరుగుతాను. నేను చప్పుళ్ళు పోగేస్తాను. వాటిని సాగదీసి, తిరగేసి, మీటలూ వైర్లూ ఉన్న పెట్టెల్లోంచి పంపించి ఏవో కడతాను. వాటిలో పల్లవి ఉండదు, పాడేవాళ్ళుండరు. "మిక్సీలో చెంచా పడ్డట్టుందే" అని మా అమ్మ అభిప్రాయం. అదీ ప్రేమగానే చెప్తుంది.

ఈ పిచ్చి ఎక్కడిదంటే, మా నాన్న గోదావరి జిల్లాలో ఒక రైస్ మిల్లులో మెకానిక్కు. మా ఇల్లు మిల్లు వెనకాలే. బెల్టు టపటపలు వింటూ నిద్రపోయేదాన్ని. కరెంటు పోయి మిల్లు ఆగితే మెలకువ వచ్చేసేది. దానికి తోడు ఊళ్ళో ఏ పండగొచ్చినా మైకు సెట్టువాడు పాట వేసే ముందు 'కుయ్‌య్‌' మని ఒక కూత వచ్చేది. అందరూ చెవులు మూసుకునేవాళ్ళు. నేను పాట కంటే ఆ కూత కోసమే పరిగెత్తేదాన్ని. ఆ తర్వాత హైదరాబాదు వచ్చి, విదేశాల వాళ్ళ రికార్డులు విని, "ఓహో, వీళ్ళెంత నున్నగా, ఎంత శుభ్రంగా చేస్తారో!" అని మురిసిపోయి, నేనూ అలా చెయ్యాలని కూచున్నాను. అక్కడే దెబ్బ తిన్నానని ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలీదు.

ఏడు ముక్కలతో నా మొదటి ఆల్బం అనుకున్నాను. ఆరు అయ్యాయి. ఏడోది మా వంటింటి బండ మీద అట్లకాడతో, గరిటెతో, గోళ్ళతో కొట్టి, కింద వాటాలో ఉండే ఇంటి ఓనరు కామేశ్వరి గారి చేత చివాట్లు తిని మరీ రికార్డు చేశాను. ఒక్కొక్క దెబ్బనీ కడిగి తుడిచి అద్దంలా చేశాను. అందరూ "బాగుంది" అన్నారు. పెళ్ళిచూపులవాళ్ళు "అమ్మాయి బాగుంది, ఫోన్ చేస్తాం" అన్నట్టే అన్నారు. ఏదో చచ్చిపోయి ఉంది అందులో, ఎక్కడో తెలీదు. శనివారం బెంగుళూరులో ఇలాంటి చప్పుళ్ళవాళ్ళ కచేరీ ఒకటుంది, అక్కడ ఏడూ వినిపించాలి. ఈ ఏడోది బతక్కపోతే వైర్లన్నీ చుట్టి అటకెక్కించేసి, ఆ టింగు టింగు ఉద్యోగానికి "సరే" అని రాసేద్దామని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను. ఉత్తరం ఫోన్లో రాసి కూడా పెట్టుకున్నాను, పంపడమే తరువాయి.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పు బండదే అనుకున్నాను. మంచి బండ కావాలి. బండ పుట్టిల్లు కడప. సోమవారం పొద్దున్నే బస్సెక్కాను.

కర్నూలు: కారం లేని మిరపకాయ

కర్నూలు బస్టాండు బయట ఒక చిన్న హోటల్లో ఉగ్గాని, బజ్జీ తిన్నాను. మా వైపు మరమరాలంటే సాయంత్రం పొట్లంలో కటకటలాడించే వస్తువు. ఇక్కడ వాటిని బొరుగులంటారు. నీళ్ళలో నానేసి, పిండి, పోపేసి, పుట్నాల పొడి చల్లి పొద్దున్నే టిఫిను పెడతారు. పైన మిరపకాయ బజ్జీ. నలభై రూపాయలకి కడుపు నిండిపోయింది.

హోటలాయన ఆదోని వైపు మనిషి. నేను బజ్జీ వంక అనుమానంగా చూడడం ఆయన కనిపెట్టాడు.

"తినమ్మా, ఏం కాదు. కారమే ల్యా దాంట్లో. శానా సప్పగుంటాది."

నమ్మి కొరికాను. ఓరి నాయనో! కళ్ళల్లోంచీ ముక్కులోంచీ గోదావరీ కృష్ణా కలిసి వచ్చాయి. ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. ఆయన కంగారుగా మజ్జిగ తెచ్చిచ్చి, "ఏ ఊరమ్మా మీది?" అన్నాడు. చెప్పాను. "అదే గదా, బెల్లం తినే దేశం" అని జాలిపడ్డాడు. డబ్బులు ఇస్తుంటే బజ్జీకి దుడ్లు తీసుకోనన్నాడు, తిననిదానికి వద్దంట.

ఆ బాధలోనూ నా రికార్డరు ఆన్‌లోనే ఉంది. బాణలి చుయ్యిమనే చప్పుడు తీద్దామని పెట్టాను. ఇంటికొచ్చి వింటే నూనె మీద నా ఎక్కిళ్ళు తాళం తప్పకుండా పడ్డాయి. ఎనిమిదో ముక్క తయారు.

డోన్: కూత పెట్టించిన పాపం

డోన్ పెద్ద జంక్షను. మనుషులందరూ ఎక్కడికో పోయే దార్లో టీ తాగుతుంటారు. నేను మాత్రం ఖాదర్ బాషా గారి మైకు సెట్టు కొట్టు కోసం దిగాను. హైదరాబాదులో మా వీధి ఎలక్ట్రీషియన్ ఈ ఊరివాడే, పాత ఇనప గొట్టం మైకులు ఇంకా ఆయన దగ్గర ఉన్నాయని చెప్పాడు.

ఖాదర్ బాషా గారికి అరవై దాటుంటాయి. పీర్ల పండగకీ, గంగమ్మ జాతరకీ, చర్చి పండగకీ మైకు ఆయనదే. కొట్టు నిండా తామర పువ్వుల్లా విచ్చుకున్న గొట్టాలు. నా కోరిక చెప్పాను. మైకూ గొట్టమూ ఎదురెదురుగా పెట్టి ఒక్కసారి కూయించమన్నాను.

ఆయన కుర్చీలోంచి లేచాడు. "ఏందమ్మా నువ్వనేది? ముప్పై ఏండ్ల నుంచి ఆ కూత రాకుండా సూసుకునేదే నా పని. ఒకసారి పెండ్లిలో కూత వచ్చిందని నాకు దుడ్లు కోసినారు. ఇప్పుడు నువ్వొచ్చి కూయించమంటాండావే!"

"నాకదే కావాలండీ."

"ఎవరన్నా ఇంటే నా పరువు పోతాది."

టీ తెప్పించి, బతిమాలి, మా ఊరి మైకు సంగతులన్నీ చెప్పాక మెత్తబడ్డాడు. పిట్టగోడ మీద గొట్టం పెట్టి, వీధి అటూ ఇటూ చూసి, దొంగతనం చేస్తున్నవాడిలా మీట తిప్పాడు. అబ్బ! ఆ కూత సన్నగా మొదలై, వంపు తిరిగి, మధ్యలో రెండుగా చీలి... నాకు ఒళ్ళు పులకరించింది. చిన్నప్పటి పండగలన్నీ ఒక్కసారి చెవిలో పడ్డాయి. నేను కళ్ళు మూసుకుని వింటుంటే వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. "ఏం చెప్తాండారప్పా? నీళ్ళు రావా రేపు?" అని ఒకాయన. "పోలియో చుక్కలా?" అని ఇంకో ఆమె బిడ్డని ఎత్తుకుని వచ్చేసింది. ఖాదర్ బాషా గారు అందరికీ సర్దిచెప్పలేక "రిపేరు, రిపేరు" అని చేతులు ఊపాడు. నా వంక చూసిన చూపు మాత్రం బాగోలేదు.

కోపం తగ్గాక నా ఏడో ముక్క హెడ్‌ఫోన్లో విన్నాడు. మర్యాదగా చివరిదాకా విన్నాడు.

"బాగుండాదమ్మా."

నా మొహం వాడిపోయింది. ఆయన పసిగట్టాడు. "బండ మోత గదా ఇది? నాకు తీగలు తెలుసు గానీ బండలు తెలీవు. ఎర్రగుంట్లలో ఎస్తేరమ్మ అని ఉండాది. బండలు కొట్టి సూసేది ఆ యమ్మ పని. మా బామ్మర్ది ఆడ చర్చికి మైకు పెట్టినాడు. ఆ యమ్మ యాడో కడాన కూచోని, ప్రార్థన అయిపోయినాక వచ్చి, నీ ఎడంపక్క మైకు లోపల చినిగిపోయింది సూసుకో అన్నిందంట. ఇప్పి సూస్తే నిజంగానే చినిగుండాది. ఆ యమ్మకి ఇనిపించు."

చీటీ మీద పేరు రాసిచ్చాడు. నేను లేచేటప్పుడు మెల్లగా, "ఇంకోసారి కూయిద్దామా?" అని అడిగాడు. ఈసారి ఆయనే తలుపు వేసి వచ్చాడు.

బేతంచెర్ల: కంటితో కొన్నాను

డోన్ నుంచి నంద్యాల పోయే రైలుదారిలో బేతంచెర్ల వస్తుంది. చెట్ల మీదా, గేదెల మీదా, సైకిళ్ళ మీదా తెల్లటి పొడి. ఊరంతా మొహానికి పౌడరు రాసుకుని పెళ్ళికి బయల్దేరినట్టుంటుంది. రోడ్డు పొడుగునా నాపరాళ్ళు పుస్తకాల్లా నిలబెట్టి ఉన్నాయి. కోత మిషను రాతిలోకి దిగుతుంటే పైనుంచి నీళ్ళు పడుతుంటాయి. ఆ కోత చప్పుడు ఒక గంటసేపు రికార్డు చేసుకున్నాను.

ఒక పాలిష్ కొట్టు ముందు ఆ కడప బండ కనబడింది. చపాతీ పీటంత, నల్లగా నిగనిగ. వంగి చూస్తే నా బొట్టు వంకర కూడా కనబడింది. ఎంత అందంగా ఉందో! మూడొందల యాభై అన్నాడు కొట్టాయన. నేను బేరం కూడా ఆడలేదు. ఆయన పాపం, సుత్తి చేతికిచ్చి, "కొట్టి సూసుకోమ్మా" అన్నాడు కూడా. నేను "అక్కర్లేదండీ, కనబడుతూనే ఉందిగా" అన్నాను.

ఇప్పుడు తల్చుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. చెవి మీద బతికేదాన్ని, కంటితో కొన్నాను. పైగా ఆయన కట్టిచ్చిన గోనెపట్టాని మెచ్చుకుని మరీ వచ్చాను.

మహానంది: నీళ్ళలో చెవి

బుధవారం మహానంది. అందరూ కొబ్బరికాయా అరటిపండ్లూ తెచ్చుకుంటే నేను బండ తెచ్చుకున్నాను. ప్రాకారం దగ్గర కాపలా ఉన్నాయన సంచీ ఎత్తి చూసి దించేశాడు.

"ఇదేందమ్మా, రాయి?"

"బండండీ."

"అదే, రాయి. దేవునికా?"

"కాదండీ, నాకే."

ఆయన నన్ను పైనుంచి కిందకీ కిందనుంచి పైకీ చూసి, మొక్కుబడేమో అనుకున్నట్టున్నాడు. జాగ్రత్తగా తన కుర్చీ కింద పెట్టుకున్నాడు. దర్శనం చేసుకుని వచ్చి చూస్తే ఆ బండ మీద ఎవరో పసుపు, రెండు బంతిపూలు పెట్టేసి ఉన్నారు. ఆ పూలు తియ్యలేక తీశాను.

కోనేటి నీళ్ళు ఎంత తేటగా ఉంటాయంటే, గుండెల్లోతులో పడ్డ రూపాయి మీద బొమ్మా బొరుసూ చెప్పొచ్చు. మా గోదావరి నీళ్ళలో సొంత కాళ్ళు కనబడితే గొప్ప. నా దగ్గర నీళ్ళలో ముంచే చిన్న మైకు ఒకటుంది. బయటి కోనేట్లో మెట్టు మీద కూచుని దాన్ని దింపాను. నిమిషం కాలేదు, కాపలా ఆయన పరిగెత్తుకొచ్చాడు.

"ఏం దింపుతాండావు? కరెంటా? జనం స్నానాలు చేస్తాండారు!"

చెబితే వినే స్థితిలో లేడు. హెడ్‌ఫోను తీసి ఆయన చెవులకి పెట్టేశాను. నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. ఊట లోపల గుబగుబ, మునకేసిన ఆడవాళ్ళ గాజులు, మెట్ల మీద అరికాళ్ళు, అన్నీ లోపల్నుంచి వినబడతాయి. ఆయన మెట్టు మీద చతికిలపడ్డాడు. "ఇరవై ఏండ్లుగా ఈడనే ఉండా. లోపల ఇంత సంత ఉండాదని నాకు తెలీదే" అన్నాడు. పావుగంటదాకా హెడ్‌ఫోను తిరిగివ్వలేదు.

పన్లో పనిగా నా ఏడో ముక్క కూడా వినిపించాను. రెండు నిమిషాలు విని తీసేశాడు.

"నీళ్ళదే బాగుండాదమ్మా. అది పాణంగా ఉండాది. ఇది..." అని ఆగి, మర్యాదకి, "ఇది కూడా బాగుండాది" అన్నాడు.

అబద్ధం చెప్పడం చేతకాని మనిషి. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అయితే అదే సమయంలో, పదేళ్ళలో మొదటిసారి బయటివాళ్ళలో ఒకరు నిజం చెప్పారన్న సంతోషం కూడా ఏదో మూల కలిగింది.

ఎర్రగుంట్ల: ఎస్తేరమ్మ సుత్తి

గురువారం మధ్యాహ్నానికి ఎర్రగుంట్లలో దిగాను. చీటీ చూపించగానే ఆటో ఆయన, "సుత్తెమ్మ దగ్గరికా?" అన్నాడు. ఊరి బయట బండల యార్డు. నల్ల బండలు వరసలు వరసలుగా పేర్చి ఉన్నాయి. మధ్యలో తెల్ల చీర మోకాళ్ళ కిందికి ఎగ్గట్టి, తలకి తుండు చుట్టి ఒక సన్నపాటి మనిషి. చేతిలో చిన్న సుత్తి, చెవి వెనకాల సుద్దముక్క.

కాసేపు పని చూస్తూ నిలబడ్డాను. ఆవిడ బండ దగ్గరికి పోతుంది. మూడు చోట్ల కొడుతుంది: టంగ్, టంగ్, టంగ్. "ఎక్కించు" అంటుంది. ఇద్దరు కూలీలు ఎత్తి లారీలో పెడతారు. తర్వాతి బండ: టంగ్, టంగ్, టక్. ఆ 'టక్' దగ్గర సుద్దతో అడ్డగీత గీసి, "పక్కన పెట్టు". బండ వంక చూడను కూడా చూడదు. ముప్పై బండలు చూసే లోపల ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు.

"ఎవురు మే నువ్వు? కొనేదానికొచ్చినావా?" అంది చివరికి. ఇక్కడ ఆడపిల్లని "మే" అని పిలుస్తారు.

వచ్చిన పని చెప్పాను. ఖాదర్ బాషా గారి పేరూ, ఆయన బామ్మర్ది మైకు సంగతీ చెప్పాను. "ఓ, ఆ చినిగిన మైకాయన మనిషివా" అని నవ్వింది. "ముందర కూడు తిను. మాటలు ఆమీద."

గిన్నెలో రాగిసంగటి ముద్ద, శెనక్కాయల ఊరుబిండి అనే పచ్చడి, పప్పు. తినే ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. "ప్రభువా, ఈ కూటికి స్తోత్రం. ఈ బిడ్డ బండ కోసం యాడనో గోదావరి నుంచి వచ్చింది, ఈ బిడ్డకి కొంచెం బుద్ధి కూడా దయచేయి" అంది. నేను కళ్ళు తెరిచేసరికి ఆవిడ మొహంలో నవ్వు జాడ కూడా లేదు.

సంగటిని నేను అన్నంలా నమలడం మొదలుపెట్టాను. పళ్ళకి అతుక్కుపోయింది. కూలీలు పక్కకి తిరిగి నవ్వుకుంటున్నారు. "నమలగూడదు మే, ముద్ద జేసి, బిండిలో అద్ది, మింగల్ల" అని ఆవిడే చేసి చూపించింది. మూడో ముద్దకి గొంతు దారి తెలుసుకుంది. ఇంత రుచి ఇన్నాళ్ళు నాకెవరూ చెప్పనందుకు మా జిల్లా మొత్తం మీద కోపం వచ్చింది.

చేతులు కడుక్కున్నాక గర్వంగా గోనెపట్టా విప్పి నా నిగనిగల బండ ముందు పెట్టాను. పసుపు మరక ఇంకా ఉంది. ఆవిడ సుత్తితో ఒకసారి కొట్టింది. టక్. ఇంకో మూల కొట్టింది. టక్. నా వంక చూసింది. నేను నేల వంక చూశాను.

"కొట్టి సూసుకోలేదా?"

"లేదండీ."

"ఏం పని నీది అన్నావు?"

"చప్పుళ్ళ పని."

కూలీలు ఈసారి పక్కకి తిరగలేదు, ఎదురుగానే నవ్వేశారు. ఎస్తేరమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి బండ మీద పోసి, ఎండలో పెట్టింది. "సూడు" అంది. ఎండకి నీళ్ళు ఆరిపోతూ వచ్చాయి. చివరికి ఒకే ఒక్క తడి గీత, ఈ మూల నుంచి ఆ మూల దాకా, వెంట్రుకలా మిగిలింది.

"పగులు. పొడి పోసి, మైనం పూసి, పాలిష్ పట్టినారు. కంటికి దొరకదు. చెవికి దొరుకుతాది, నీళ్ళకి దొరుకుతాది" అంది.

రోషం వచ్చింది నాకు. బండ పోతే పోయింది, నా పనైనా చూపించి పరువు దక్కించుకుందామనుకున్నాను. హెడ్‌ఫోను ఇచ్చి, ఏడో ముక్క పెట్టాను. ఆవిడ తలకి చుట్టిన తుండు విప్పి, హెడ్‌ఫోను సర్దుకుని, కళ్ళు మూసుకుంది. వేలితో మోకాలి మీద కొడుతూ వింది. ఒక నిమిషం. రెండు. మూడో నిమిషంలో వేలు ఆగింది. చెయ్యెత్తింది.

"నిలుపు. ఈడ పగులుండాది."

"ఎక్కడ?"

"ఇంగోసారి పెట్టు." పెట్టాను. మళ్ళీ అక్కడే చెయ్యెత్తింది. "ఈడనే. పూడ్చినావు నువ్వు. ముందర కొడతాండే మనిషి వేరే. ఎవురికీ భయపడకుండా కొడతాండాది. దీని ఆమీద కొడతాండే మనిషి వేరే, భయం భయంగా, మెల్లంగా కొడతాండాది. నడుమ ఏమో జరిగింది. అది యాడ?"

నిజమే మరి. నాకు తప్ప ఈ లోకంలో ఎవరికీ తెలియని సంగతి అది. ఆ రోజు నేను ఒళ్ళు మరిచి బండ బాదుతుంటే కామేశ్వరి గారు మెట్లెక్కి వచ్చి గుమ్మంలోంచి అరిచారు: "మళ్ళీ మొదలెట్టావా తల్లీ! ఆ బండ పగిలిందంటే నిన్ను కూడా పగలగొడతా!" నేను ఉలిక్కిపడి అరచేత్తో బండని నొక్కేశాను. మోత ఠక్కున చచ్చింది. ఆవిడ కిందికి దిగిపోయారు. నేను నవ్వాపుకోలేక ఫక్కుమన్నాను. తర్వాత చాలా మెల్లగా, వినబడుతుందేమోనని, గోటితో ఒక్కసారి మీటాను. ఇదంతా పదకొండు సెకన్లు. ఆ పదకొండు సెకన్లూ కోసి పారేసి, ఇంకెక్కడిదో శుభ్రమైన దెబ్బ తెచ్చి అతికించి, పైన గుహలో మోగినట్టు ప్రతిధ్వని పూత పూశాను. విదేశాల వాళ్ళ రికార్డుల్లో ఇంటి ఓనర్లు అరవరు మరి.

అసలు రికార్డింగు ఇంకా నా లాప్‌టాప్‌లో ఉంది. ఎందుకు తుడిచెయ్యలేదో నాకే తెలీదు. అది పెట్టాను. కామేశ్వరి గారి గొంతు రాగానే ఎస్తేరమ్మ భుజాలు అదిరాయి. నా నవ్వు దగ్గర తనూ నవ్వింది. గోటి మీటు దగ్గర ఆపి, చెవికి గట్టిగా అదుముకుంది. కూలీలిద్దర్నీ పిలిచి చెరో చెవి ఇచ్చి వినిపించింది.

"ఇది ఉండల్ల" అంది.

"అది తిట్టండీ! సంగీతం ఎలా అవుతుంది?"

"తిట్టు పడినాకనే గదా మే నీ చెయ్యి మెత్తబడింది. తిట్టు తీసేస్తే ఆ మెత్తదనం యాడ్నుంచి వచ్చినట్టు? ఇనేవాళ్ళు పిచ్చోళ్ళా?" అని సుత్తి తీసుకుని లేచింది. "పగులు తప్పు కాదు. కప్పెట్టి అమ్మేది తప్పు."

అంతే, వెళ్ళి బండలు కొట్టుకోవడం మొదలుపెట్టింది. కాసేపు అక్కడే కూచుని, సిగ్గుపడాల్సినంత పడి, ఆ తర్వాత ఆకలేసి ఇంకో ముద్ద సంగటి అడిగి తిన్నాను. వచ్చేటప్పుడు పగిలిన బండ అక్కడే వదిలేద్దామనుకుంటే ఊరుకోలేదు. "నీ దుడ్లు, నీ బండ. ఎత్తుకోని పో. సూసినప్పుడల్లా గుర్తుంటాది" అంది.

కడప: ఫోన్లో కామేశ్వరి గారు

శుక్రవారం పొద్దున కడపలో కారం దోశ తిన్నాను. ఈసారి ముందుగానే మజ్జిగ పక్కన పెట్టుకుని, విజయవంతంగా. ఎర్ర కారం దట్టంగా పూసి, పప్పుల పొడి చల్లి ఇస్తారు. నాలుగు రోజుల్లో నా నాలుకకి కొంత చదువు వచ్చింది. హోటలాయన "ఇంగొకటి?" అంటే కళ్ళు తుడుచుకుంటూనే సరేనన్నాను.

తర్వాత లాడ్జి గదిలో కూచుని అతుకు ఊడదీశాను. పదకొండు సెకన్లు తెచ్చి వాటి చోట పెట్టాను. ప్రతిధ్వని పూత అంతా గీకేశాను. విన్నాను. బతికింది. అంతకంటే చెప్పడానికి నాకు మాట రాదు, ఆ గదిలో ఒక్కదాన్నే మంచం మీద ఎగిరాను. ఎగిరి కూచున్నాక భయం పట్టుకుంది. బెంగుళూరులో ఆ చీకటి హాల్లో, గడ్డాలు నిమురుకుంటూ వినే పెద్దమనుషుల ముందు "పగలగొడతా" అని కామేశ్వరి గారు అరిస్తే? నవ్వుతారు. పదేళ్ళ పని నవ్వులపాలు.

పైగా ఆవిడ అనుమతి కూడా కావాలి కదా. ఫోన్ చేశాను.

"నా గొంతా? ఏ గొంతు?"

"నన్ను తిట్టారు కదండీ, బండ కొడుతుంటే."

"ఏ రోజు తిట్టు?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. చదివి వినిపించాను. "అయ్యో, అంత మాటన్నానా! సరే, పెట్టుకో. కానీ నా పేరు వెయ్యాలి. ఇంటిపేరుతో సహా."

ఆ సాయంత్రం కొత్త ముక్కని యార్డులో కూలీ ఒకాయన ఫోనుకి పంపాను, ఎస్తేరమ్మకి వినిపించమని. జవాబు రాలేదు. పొద్దున బెంగుళూరు బస్సెక్కేదాకా రాలేదు. దారి పొడుగునా ఫోను వంకే చూశాను. ఆ టింగు టింగు ఉద్యోగం ఉత్తరం కూడా అదే ఫోన్లో కూచుని నన్ను చూస్తోంది.

బెంగుళూరు: ఎక్కే ముందు

హాలు నిండింది, అంటే యాభై కుర్చీలు. నాకు ముందు వాయించే కుర్రాళ్ళ సంగీతం మంచులా నున్నగా, ఎక్కడా గీత లేకుండా సాగుతోంది. నేను తెర వెనకాల వైర్లు పట్టుకుని నిలబడ్డాను. లాప్‌టాప్‌లో ఏడో ముక్క రెండూ ఉన్నాయి, నున్నదీ, తిట్టుదీ. ఏది పెట్టాలో తేల్చుకోలేకపోతున్నాను. నిజం చెప్పాలంటే వేలు నున్నదాని మీదే ఉంది.

ఫోను మోగింది. కూలీ ఆయన నంబరు. ఎత్తితే ఎస్తేరమ్మ.

"నిన్న ఫోనులో ఛార్జింగు ల్యా. ఇప్పుడే ఇన్నాం. కోత మిషను ఆపించినా, ఇనేదానికి. ఓనరు అరిచినాడు. అరవనీ."

"ఎలా ఉందమ్మా?" అన్నాను.

"నాలుగు సార్లు ఇన్నాం. ఆ యమ్మ అరిచేటప్పుడు ఈళ్ళిద్దరూ నవ్వినారు. నువ్వు గోటితో కొట్టినావు సూడు, ఆడ నవ్వేది నిలిపేసినారు."

"పగులుందా?"

"ఉండాది. కనబడతాండాది. ఫర్వాల్యా."

అవతల ఏదో టంగుమంది, సుత్తి ఆవిడ చేతిలోనే ఉన్నట్టుంది. ఇవతల నా పేరు పిలిచారు. "అమ్మా, నన్ను పిలుస్తున్నారు, ఏం చెయ్యను?" అన్నాను.

"అడగల్నా? ఎక్కించు మే" అంది.

ఎక్కించాను.